అత్తెసరు మార్కులు వచ్చిన గేమ్ కొనవచ్చా? విమర్శకుల తీర్పును ఎలా చదవాలి?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ఒకసారి చెబుతాను. ‘డేస్ గాన్’ అనే జాంబీల గేమ్ కంప్యూటర్ వెర్షన్ సేల్‌లో చవకగా వస్తోంది. విమర్శకుల మార్కుల సగటు చూపే మెటాక్రిటిక్ సైటులో చూస్తే ఆ గేమ్‌కు వందకు 71 మార్కులే ఉన్నాయి. పెద్ద సైట్ల సమీక్షల్లో ‘సాధారణం’, ‘నిరాశపరిచింది’ అన్న మాటలు కనిపిస్తున్నాయి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్ స్టోర్‌లో కొని ఆడినవాళ్ళు మాత్రం తెగ మెచ్చుకుంటున్నారు. ఎవరి మాట నమ్మాలి, విమర్శకులు డబ్బు తీసుకుని రాస్తారా, అసలు 71 అంటే బాగున్నట్టా బాగోలేనట్టా అన్నవి మీ సందేహాలు.

కొనండి. విమర్శకులు తప్పు చెప్పలేదు, ఆడినవాళ్ళూ అబద్ధమాడటం లేదు. 2019 ఏప్రిల్‌లో, పూర్తి ధర పెట్టి కొనేవాళ్ళ కోసం, గడువులోగా ఆడి ముగించిన సమీక్షకుడు చెప్పిన మాట ఒకటి. లోపాలను సరిచేసే ప్యాచ్‌లన్నీ వచ్చాక, తక్కువ ధరకు కొని, రాత్రి భోజనం అయ్యాక గంటసేపు ఆడుకునేవాడు చెప్పే మాట ఇంకొకటి. మీరు రెండో మనిషికే దగ్గరగా ఉన్నారు.

అయితే ఈ జవాబు డేస్ గాన్‌కే. అన్ని గేమ్‌లకూ పనికొచ్చే సూత్రం కావాలంటే నేను పాటించేది ఒకటుంది. మార్కులను పక్కన పెట్టి, ఫిర్యాదు ఏ జాతిదో చూడండి. గేమ్ చెడిపోయి ఉందా, చప్పగా ఉందా, లేక ఊరించి ఉసూరుమనిపించిందా? చెడిపోయినదాన్ని తయారుచేసినవాళ్ళు బాగుచేయగలరు. చప్పటిదాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఊరించినది మీ సమస్య అవునో కాదో, ఆ ఊరింపు మీ చెవిన పడిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఈ మూడింటికీ సమీక్షల్లో పదికి అదే 6 పడుతుంది. తికమకంతా అక్కడే.

ముందు ఆ 71 సంగతి చూద్దాం. మెటాక్రిటిక్ గేమ్‌లకు 75, ఆపైన వస్తే ఆకుపచ్చ రంగు వేస్తుంది. 50 నుంచి 74 వరకు పసుపు, అంతకన్నా తక్కువైతే ఎరుపు. అదే సైటు సినిమాకు 61 వస్తేనే ఆకుపచ్చ ఇచ్చేస్తుంది. అంటే 70 తెచ్చుకున్న సినిమా పచ్చగానూ, 70 తెచ్చుకున్న గేమ్ పసుపుగానూ కనిపిస్తాయి. తెలుగు సినిమా సమీక్షలు చదివేవాళ్ళకు ఈ తంతు కొత్త కాదు. 5కి 2.75 అంటే లెక్క ప్రకారం సగానికి పైనే, కానీ ఆ అంకె చూసి ఉత్సాహంగా టికెట్ కొనేవాళ్ళు ఎందరు? 2.25 అంటే పోయిందని, 3.25 అంటే ఆడేస్తుందని మనకు అలవాటు మీద తెలుసు. గేమ్‌ల దగ్గరా అంతే. పది మెట్లున్నా అందరూ తిరిగేది 6కీ 9కీ మధ్యనే.

దీన్ని సమీక్షకుల పిరికితనం అనుకోకండి. పెద్ద సైట్లు సమీక్షకు తీసుకునేవి ఎక్కువగా పెద్ద కంపెనీల గేమ్‌లు. వందలమంది ఏళ్ళ తరబడి పనిచేసిన గేమ్‌లో కనీస పనితనం ఉండి తీరుతుంది. నిజంగా పనికిరాని గేమ్‌లు స్టీమ్‌లో రోజూ వచ్చి పడుతూనే ఉంటాయి, వాటిని ఎవరూ సమీక్షించరు. అందుకే కింది మెట్లు ఖాళీగా ఉంటాయి. గేమ్ సమీక్షల సైటు ఐజీఎన్ తన మార్కుల పట్టికలో 7కు ‘బాగుంది’ అనీ, 6కు ‘పర్వాలేదు’ అనీ, 5కు ‘సాధారణం’ అనీ స్పష్టంగానే రాసుకుంది. చదివేవాళ్ళు మాత్రం 7 చూడగానే పెదవి విరిచేస్తారు.

ఈ అంకెలకు ఉండాల్సినదానికన్నా ఎక్కువ బలం ఉందని చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. ‘ఫాల్అవుట్: న్యూ వేగస్’ 2010లో వచ్చింది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే దాన్ని తయారుచేసిన అబ్సిడియన్ స్టూడియోకు బోనస్ ఇస్తామన్నది ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదు. ఈ సంగతిని ఆ స్టూడియోకు చెందిన క్రిస్ అవలోన్ 2012లో బయటపెట్టారు. విడుదలనాడు ఆ గేమ్ నిండా బగ్‌లే, అంటే ప్రోగ్రామ్ తప్పులే, అన్నది నిజం. ఆ సిరీస్‌లో ఇదే ఉత్తమం అని ఇవాళ వాదించేవాళ్ళు కోకొల్లలు అన్నదీ నిజమే. 84కూ 85కూ మధ్య ఏ తేడా ఉందో మార్కులు వేసే మాకే తెలియదు. ఒక స్టూడియో బోనస్ మాత్రం ఆ తేడా మీదే పోయింది.

ఇక చప్పటి గేమ్‌లు. చాలా ఏళ్ళుగా సమీక్షలు రాస్తున్నవాడిగా చెబుతున్నాను, మా వృత్తిలో అన్నింటికన్నా కష్టమైన పని వీటి గురించి రాయడమే. గొప్ప గేమ్ గురించి మాటలు వాటంతట అవే వస్తాయి. ఘోరమైనదాన్ని తిడుతూ రాయడం రాసేవాడికీ సరదా, చదివేవాడికీ సరదా. చప్పటిదానిలో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. తుపాకి సరిగ్గానే పేలుతుంది, బొమ్మలు కళకళలాడుతుంటాయి, బగ్‌లు పెద్దగా ఉండవు, కథ అనదగ్గది ఒకటి ఉంటుంది. అయినా మూడో రోజు కన్సోల్ ఆన్ చేయబుద్ధి కాదు. ఎందుకు కావడం లేదో తేల్చి చెప్పడమే సమీక్షకుడి ఉద్యోగం. చాలామంది అది చెప్పకుండా ‘ఈ తరహా గేమ్‌లు ఇష్టపడేవారికి నచ్చవచ్చు’ అనే వాక్యంతో ముగిస్తారు. ఆ వాక్యం కనిపించిందంటే రాసినవాడు చేతులెత్తేశాడని అర్థం.

నేను చూసేది ఒక్కటే. ఈ గేమ్ నన్ను కొత్తగా ఆలోచించమని అడగడం ఏ గంటలో మానేసింది? మంచి గేమ్ పదిహేనో గంటలో అడిగేది అయిదో గంటలో అడిగినట్టు ఉండదు. అప్పటివరకు నేర్చుకున్న రెండు విద్యలను కలిపి మూడోది చేయమంటుంది, లేదా నేర్చుకున్నదే పనికిరాని చోట వదిలేస్తుంది. చప్పటి గేమ్‌లో అయిదు గంటలకే అంతా తెలిసిపోతుంది. తరువాతి పాతిక గంటలూ అదే పని, అంకెలు మాత్రం పెద్దవి. శత్రువు ప్రాణం రెట్టింపవుతుంది, మీ తుపాకి దెబ్బా రెట్టింపవుతుంది, పోరు ఎక్కడిదక్కడే ఉంటుంది. ఇష్టమొచ్చిన చోటికి తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గేమ్‌లలో ఈ జబ్బు ఎక్కువ. మ్యాప్ తెరవగానే చీమలు పట్టినట్టు గుర్తులు. ఒక గోపురం ఎక్కితే ఇంకో పాతిక గుర్తులు పుడతాయి. ఆ గుర్తుల్లో ఏదో ఒకటి తీసేస్తే గేమ్‌కు ఏమైనా లోటా అని అడిగి చూడండి. లోటు లేదనిపిస్తే అది నింపుడు సరుకు.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. 2015లో వచ్చిన ‘మ్యాడ్ మ్యాక్స్’ గేమ్‌నే తీసుకోండి. సెప్టెంబర్ 1న, సరిగ్గా ‘మెటల్ గేర్ సాలిడ్ 5’ వచ్చిన రోజే విడుదలై దాని నీడలో పడిపోయింది. మార్కులు 70కి కాస్త అటూ ఇటూ. విమర్శ ఏమిటంటే చేసిన పనే చేయిస్తుందని. అందులో అబద్ధమేమీ లేదు. శిబిరాలు కొల్లగొట్టడం, తుక్కు ఏరడం, మందుపాతరలు తీయడం, మళ్ళీ పక్క ప్రాంతంలో అవే పనులు. కానీ అందులో కారు యుద్ధాలు ఉన్నాయి చూశారూ, పరిగెత్తే కారు మీదికి హార్పూన్ విసిరి ఎదుటివాడి చక్రాన్ని ఊడలాగడం, దుమ్ము తుఫానులో దారి కనపడకుండానే బండి తోలుకుంటూ పోవడం, అలాంటివి మరే గేమ్‌లోనూ నాకు దొరకలేదు. వారం రోజుల్లో ముగించాల్సిన సమీక్షకుడు అవే శిబిరాలను వరుసగా, ఊపిరి తీసుకోకుండా కొల్లగొడతాడు. విసుగు పుట్టక ఏమవుతుంది? ఆదివారం సాయంత్రం ఒక శిబిరం ముగించి పడుకునేవాడికి అదే పని విశ్రాంతి.

కాబట్టి సమీక్షలో ‘పునరావృతం’ అన్న ఫిర్యాదు కనిపిస్తే, మీరు నింపాదిగా ఆడే మనిషైతే, దాని బరువును సగానికి తగ్గించుకోండి. ‘మొదటి గంట నుంచే చేతికి ఏమీ తగల్లేదు’ అంటే మాత్రం ఒక్క గ్రాము కూడా తగ్గించవద్దు. డేస్ గాన్ మీద వచ్చినవి చాలావరకు మొదటి రకం. కథ సాగదీశారన్నారు, మిషన్లు ఒకేలా ఉన్నాయన్నారు, ప్లేస్టేషన్ 4 మీద నత్తనడక నడుస్తోందన్నారు. అన్నీ నిజాలే. కానీ ఓరెగాన్ కొండదారుల్లో ఆ మోటార్‌సైకిల్‌కు పెట్రోలు ఎక్కడ దొరుకుతుందో వెతుక్కోవడం, వందలకొద్దీ ఫ్రీకర్లు (ఈ గేమ్‌లోని జాంబీలు) ఒక్క గుంపుగా ఏటి వరదలా మీదపడితే ముందే వల పన్ని, దారులు చూసుకుని, పరిగెడుతూ కొట్టడం, ఇవి చప్పటి గేమ్‌లో ఉండే సంగతులు కావు. ఇది మంచి గేమ్ ఒకటి నింపుడు సరుకు కింద కూరుకుపోయిన కేసు. నేనైతే 7 వేస్తాను, వెంటనే కొనమనీ చెబుతాను. ఆ రెండింటికీ వైరుధ్యం లేదు.

అసలైన చప్పదనానికి ఈ మధ్యకాలపు ఉదాహరణ ‘కాంకర్డ్’. ఆన్‌లైన్‌లో జట్లుగా కాల్చుకునే ఈ గేమ్‌ను సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసింది. సమీక్షల్లో దాన్ని చెత్త అన్నవాళ్ళు తక్కువ. 60 చుట్టుపక్కల మార్కులు, తుపాకి పట్టు బాగుందన్న మెచ్చుకోళ్ళు. అదే తరహా గేమ్‌లు ఉచితంగా దొరుకుతున్న కాలంలో దీని ధర 40 డాలర్లు, దీన్నే ఎంచుకోవడానికి ఒక్క కారణం కనపడదు. సెప్టెంబర్ 6న సర్వర్లు ఆపేసి కొన్నవాళ్ళందరికీ డబ్బు తిరిగి ఇచ్చేశారు. అక్టోబర్‌లో ఆ స్టూడియోనే మూసేశారు. విమర్శకులు కసిగా రాసి చంపిన గేమ్ కాదది. ఎవరూ పెద్దగా తిట్టలేదు, ఎవరూ ఆడలేదు.

నిరాశపరిచిన గేమ్‌ల కథ వేరు. ఇక్కడ తీర్పులో సగం గేమ్ మీద, సగం ఆశ మీద. 2023 మేలో వచ్చిన ‘రెడ్‌ఫాల్’ ఏ పేరూ లేని కొత్త స్టూడియోది అయితే ఓ మూల అనామకంగా పడి ఉండేది. తయారుచేసింది ఆర్కేన్ ఆస్టిన్, అంటే 2017లో ‘ప్రే’ లాంటి గేమ్ ఇచ్చినవాళ్ళు. ఒక్కో గదిలోకి నాలుగు దారులు పెట్టే మనుషులు, పిశాచాలను కాల్చి మందుగుండు ఏరుకునే గేమ్ చేశారు. అందులో శత్రువులు ఎదురుగా నిలబడ్డా మనల్ని చూడరు, వీధులన్నీ ఖాళీ. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న సామెతకు ఇంతకన్నా సరిపోయే గేమ్ నాకు తెలియదు. అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ విడుదలైన కొద్ది రోజులకే ఒక పాడ్‌కాస్ట్‌లో చెప్పిన మాట ఆసక్తికరం. విడుదలకు ముందు కంపెనీలు బయటివాళ్ళ చేత నమూనా సమీక్షలు రాయించుకుంటాయి. వాటిలో వచ్చిన అంచనాకన్నా అసలు మార్కులు పదికి పైగా తక్కువ వచ్చాయట. అంటే లోపల ఉన్నవాళ్ళకే తమ చేతిలో ఏముందో అందలేదు. 2024 మేలో ఆ స్టూడియో మూతపడింది.

‘యాంథమ్’ మీద నాకు ఇప్పటికీ కోపముంది, ఎందుకంటే అందులో ఒక్కటి అద్భుతంగా ఉంది. ఇనుప కవచం వేసుకుని జలపాతం మీంచి దూకి, నీటి మీదుగా ఎగిరి, కవచం వేడెక్కకుండా ధారలోంచి దూసుకుపోవడం. ఆ ఎగరడం మీద ఒక గొప్ప గేమ్ కట్టవచ్చు. కట్టలేదు. నేల మీద దిగితే అదే శత్రువులు, అదే మిషన్, మధ్యలో ఆవలింత తెప్పించే లోడింగ్ తెర. తరువాత వచ్చిన ఒక పరిశోధనాత్మక కథనం ప్రకారం ఏళ్ళ తరబడి ఆ గేమ్ ఏమిటో తయారుచేసేవాళ్ళకే తేలలేదు, అసలు పని చివరి ఏడాది, ఏడాదిన్నరలోనే జరిగింది. ఆడితే ఆ సంగతి తెలిసిపోతుంది కూడా. 2019 ఫిబ్రవరిలో విడుదల, మళ్ళీ మొదటి నుంచి కడతామని మాట, 2021 ఫిబ్రవరిలో ఆ మాట రద్దు, 2026 జనవరి 12న సర్వర్లు బంద్. పూర్తిగా ఆన్‌లైన్ గేమ్ కాబట్టి డబ్బు పెట్టి కొన్నవాడి చేతిలో ఇప్పుడు డబ్బా మాత్రమే మిగిలింది.

దీన్నుంచి కొనేవాళ్ళకు పనికొచ్చే విషయం ఒకటుంది. ‘త్వరలో బాగుచేస్తాం’ అన్న మాటకు డబ్బు కట్టకండి. బాగుచేశాక కట్టండి. బాగుచేసినవాళ్ళూ ఉన్నారు. ‘నో మ్యాన్స్ స్కై’ 2016 ఆగస్టులో వచ్చినప్పుడు ఆ బృందం చిన్నది, వాళ్ళ మాటలు పెద్దవి. లెక్కకందనన్ని గ్రహాలు ఉన్నాయి కానీ వాటిలో చేయడానికి పని లేదు. ముందు మాటల్లో వినిపించిన, ఇతరులతో కలిసి ఆడే సౌకర్యమూ లేదు. స్టీమ్‌లో దుమ్మెత్తిపోశారు. వాళ్ళు నోరు మూసుకుని పనిచేశారు. 2018 జూలైలో ‘నెక్స్ట్’ అనే అప్‌డేట్‌తో ఆ సౌకర్యం పూర్తిగా వచ్చింది, ఆ తరువాతా ఏటా అప్‌డేట్లు, అన్నీ ఉచితమే. 2016 నాటి సమీక్షలు ఇప్పటి గేమ్‌ను వర్ణించవు. కానీ ఆనాడు కొన్నవాడికి అవే సరైన సమీక్షలు. సమీక్షకుడు చేతిలో ఉన్న గేమ్‌కు మార్కులు వేయాలి, రెండేళ్ళ తరువాత రాబోయేదానికి కాదు.

చెడిపోయిన గేమ్‌ల విషయంలో మొదట చూడాల్సింది, ఆ సమీక్ష ఏ యంత్రం మీద రాసింది? ‘సైబర్‌పంక్ 2077’ 2020 డిసెంబర్ 10న వచ్చింది. విడుదలకు ముందు సమీక్షకులకు ఇచ్చింది కంప్యూటర్ వెర్షన్ మాత్రమే. అందులోంచి సొంతంగా రికార్డు చేసిన దృశ్యాలు చూపించకూడదని షరతు కూడా పెట్టారు. మార్కులు బ్రహ్మాండం. విడుదలయ్యాక పాత ప్లేస్టేషన్ 4 మీద ఆడినవాళ్ళకు బొమ్మలు కరిగిపోయాయి, కార్లు గాలిలో తేలాయి, గేమ్ పదేపదే ఆగిపోయింది. కంప్యూటర్ వెర్షన్‌కు 86 ఉంటే ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కు 60 కూడా రాలేదు. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. మళ్ళీ పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబర్‌లో 2.0 ప్యాచ్ వచ్చాక కంప్యూటర్ మీదా కొత్త కన్సోళ్ళ మీదా అది హాయిగా ఆడదగ్గ గేమ్. నగరం, పాత్రలు, కథ మొదటి నుంచీ బాగున్నాయి, చెడింది పనితనం. అందుకే బాగుపడింది.

మన దగ్గర ఈ విషయం మరీ ముఖ్యం. పెద్ద సైట్ల సమీక్షకులు వాడే గ్రాఫిక్స్ కార్డు ధరకు మన ఊళ్ళో పాత స్కూటర్ వస్తుంది. 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్ మీద ఆడేవాడికి ‘కొద్దిపాటి పనితీరు సమస్యలు’ అన్న వాక్యం ‘నీవల్ల కాదు’ అని చెప్పినట్టే.

బాగుచేయడం గురించి ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. 2013లో వచ్చిన ‘ఏలియన్స్: కలోనియల్ మెరీన్స్’ను విమర్శకులు ఉతికి ఆరేశారు. శత్రువులు తెలివితక్కువగా అటూ ఇటూ తిరుగుతున్నారన్నది ప్రధాన ఫిర్యాదు. ఏళ్ళు గడిచాక, శత్రువుల నడవడికకు సంబంధించిన ఒక సెట్టింగుల ఫైలులో ఓ పదంలో అక్షరం ఒకటి ఎక్కువ పడిందని ఒక ఆటగాడు కనిపెట్టాడు. ఈ సంగతి 2018లో అందరికీ తెలిసింది. ఆ ఒక్క అక్షరం తీసేస్తే ఏలియన్లు చుట్టుముట్టడం, పక్క నుంచి రావడం మొదలుపెట్టాయి. ఇంతా చేసి అది గొప్ప గేమ్ అయిపోయిందా అంటే కాలేదు. మిషన్లు చప్పగా ఉన్నవి చప్పగానే ఉన్నాయి.

డబ్బు తీసుకుంటారా అన్న మీ ప్రశ్నకు వద్దాం. కవరులో డబ్బు పెట్టి ఇవ్వడం నేను చూడలేదు. ఒత్తిడి వేరే దారుల్లో వస్తుంది. 2007లో గేమ్‌స్పాట్ సైటులో ‘కేన్ అండ్ లించ్’కు జెఫ్ గర్స్ట్‌మన్ 6 వేశారు. అదే సమయంలో సైటు నిండా ఆ గేమ్ ప్రకటనలే. ఆయన ఉద్యోగం పోయింది. ఒప్పందం వల్ల ఏళ్ళపాటు నోరు విప్పలేకపోయిన ఆయన, ప్రకటనదారుల ఒత్తిడి మాట నిజమేనని 2012లో బహిరంగంగా చెప్పారు. నా అనుభవంలో ఇంత నాటకీయంగా ఏదీ జరగలేదు. ఒక ప్రచార సంస్థ నుంచి ఫోను వస్తుంది, ‘మార్కులు తక్కువైతే సోమవారం దాకా ఆపగలరా’ అని మర్యాదగా అడుగుతారు. శని, ఆదివారాల అమ్మకాలు అయిపోవాలి కదా! ఆపనంటే తరువాతి గేమ్ కాపీ మనకు విడుదలరోజు దాకా రాదు. ముందే కాపీ రానివాడి సమీక్ష ఎవరూ చదవరు. చిన్న సైట్లను వంచడానికి ఇది చాలు.

అందుకని తీర్పుతో పాటు సమీక్షలు ఎప్పుడు వెలువడ్డాయో కూడా చూడండి. విడుదలకు రెండు, మూడు రోజుల ముందే వస్తే కంపెనీకి నమ్మకం ఉన్నట్టు. 2014 నవంబర్‌లో అమెరికాలో ‘అసాసిన్స్ క్రీడ్ యూనిటీ’ అర్ధరాత్రి నుంచే అమ్మకానికి వస్తే, సమీక్షలను మధ్యాహ్నం దాకా ప్రచురించనివ్వలేదు. ఆ మధ్యాహ్నం అందరూ చూసింది ముఖచర్మం మాయమై, కళ్ళూ పళ్ళూ మాత్రమే మిగిలిన పాత్రలను. ముందస్తు బుకింగ్ చేసినవాళ్ళు అప్పటికే ఆడుతున్నారు.

ఆడినవాళ్ళ మార్కులను గుడ్డిగా నమ్మమనీ చెప్పను. ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ 2020 జూన్ 19న విడుదలైన కొద్ది గంటల్లోనే మెటాక్రిటిక్‌లో వేలమంది సున్నాలు వేశారు. ఆ గేమ్ ముగించడానికే పాతిక గంటలు పడుతుంది! ఆ తరువాతే విడుదలైన 36 గంటల వరకు పాఠకుల మార్కులు తీసుకోకూడదని మెటాక్రిటిక్ నిబంధన పెట్టింది. స్టీమ్ ఈ విషయంలో నయం, రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో పక్కనే కనిపిస్తుంది. నేను చదివేది ఇరవై, ముప్పై గంటలు ఆడి కూడా బొటనవేలు కిందికి చూపించినవాళ్ళ మాటలు. అన్ని గంటలు ఆడారంటే గేమ్‌లో ఏదో ఉంది, ఆపైన విసిగారంటే ఏదో లేదు. ఆ రెండూ వాళ్ళకు స్పష్టంగా తెలుసు.

ఇంకో రకం పక్షపాతం గురించి చెప్పాలి, ఇది మనది. 2020లో పుణె నగరానికి చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ ‘రాజీ: యాన్ ఏన్షియంట్ ఎపిక్’ తెచ్చింది. రాజస్థానీ కోటలు, దుర్గ, విష్ణువు, తోలుబొమ్మల తరహాలో సాగే కథనం. చూస్తే ఒళ్ళు పులకరించింది. ఆడితే పోరాటం పట్టు లేకుండా ఉంది, కొట్టిన దెబ్బ తగిలినట్టు అనిపించదు, కథ చటుక్కున తెగిపోతుంది. మనవాళ్ళు చేశారు కదా అని ఒక మార్కు కలుపుదామని ఎవరికైనా చేయి లాగుతుంది. కలపకూడదని నా అభిప్రాయం. చిన్న బృందం, చిన్న పెట్టుబడి అన్నది సమీక్షలో రాయవచ్చు, రాయాలి కూడా. మార్కుల్లో కలిపితే రేపు నిజంగా బాగున్న భారతీయ గేమ్‌కు ఇచ్చే 8ని ఎవరూ నమ్మరు.

మళ్ళీ మీ డేస్ గాన్ దగ్గరికి. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆ వెసులుబాటును గేమ్ మీ కంప్యూటర్ మీద నడుస్తుందో లేదో చూడటానికి వాడుకోండి, నచ్చిందో లేదో తేల్చడానికి మాత్రం కాదు. ఎందుకంటే ఇందులో మొదటి రెండు గంటలే అన్నింటికన్నా బలహీనమైనవి. బండి మొరాయిస్తుంటుంది, చేతిలో మంచి ఆయుధం ఉండదు, గుంపులను చూస్తే పారిపోవడమే పని. బండికి పెద్ద ట్యాంకు పెట్టించుకునేదాకా ఓపిక పట్టండి. మ్యాప్ మీద గుర్తులన్నీ తుడిచేయాలన్న పంతం పెట్టుకోకండి, ఫ్రీకర్ల గూళ్ళు తగలబెట్టడం రోజుకు ఒకటికి మించి చేయకండి. ప్యాచ్‌ల తరువాతే వచ్చిన 2021 నాటి కంప్యూటర్ వెర్షన్ కాబట్టి పాత సమీక్షల్లోని నత్తనడక ఫిర్యాదులను పట్టించుకోనక్కర్లేదు. హార్డ్ డిస్క్ బదులు, అంతకన్నా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ మీద వేసుకుంటే ఇంకా మంచిది. మీ గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్ ఎంతో రాస్తే ఏ సెట్టింగులు తగ్గించాలో చెబుతాను.